మూడు కుందేళ్ళు - మూడే చెవులు



ముందుగా ఒక చిన్న లెక్క. మూడు కుందేళ్ళకు చెవులెన్ని? ఆరు అంటారు కదూ! ఇంగ్లండులోని డెవన్ ప్రాంతంలో మాత్రం ఈ లెక్క కుదరదు. అక్కడ మధ్యయుగం నాటి చర్చిలు 15కి పైగా ఈ వింతను దాచుకున్నాయి. పైకప్పులో చెక్క పట్టీలు కలిసేచోట అతుకు కనబడకుండా నగిషీ చెక్కిన బిళ్ళ బిగించేవారు. విడికూం అనే ఊరి చర్చిలో అలాంటి బిళ్ళ మీద మూడు కుందేళ్ళు ఒకదాని వెంట ఒకటి గుండ్రంగా పరుగెడుతుంటాయి. దేన్ని చూసినా రెండు చెవులున్నాయి. మొత్తం లెక్కిస్తే మూడే!

కిటుకు కావాలా? కాగితం మీద చిన్న త్రిభుజం గీయండి. ఒక్కొక్క గీత ఒక్కొక్క చెవి. ఒక్కొక్క మూల దగ్గర ఒక తల పెట్టండి. ప్రతి చెవీ ఇద్దరికి ఉమ్మడి అన్నమాట!

సరే, దేవుని గుడిలో కుందేళ్ళెందుకు? తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒక్కటే అనడానికి గుర్తని కొందరంటారు. ఆ ప్రాంతపు తగరం గనుల పనివాళ్ళ ముద్ర అని మరికొందరు. వినడానికి రెండూ బాగానే ఉన్నాయి. కాని, ఇవే కుందేళ్ళు జర్మనీలో పాడర్‌బోర్న్ పెద్దచర్చి కిటికీలోనూ ఉన్నాయి. అక్కడ డెవన్ గనివాళ్ళ ముద్రకేం పని? అంతకంటే విచిత్రం, చైనాలో దున్‌హువాంగ్ బౌద్ధ గుహల పైకప్పుల మీదా ఉన్నాయి. వాటిలో పాతవి సుమారు 1,400 ఏళ్ళ నాటివి. అక్కడ క్రైస్తవుల త్రిమూర్తులెలా వస్తారు? పట్టుబట్టల మీద నేతగా, వర్తకుల మూటల్లో ఈ బొమ్మ పడమటికి చేరి ఉంటుందని పండితుల ఊహ. అదీ ఊహే. డెవన్‌లో చెక్కిన వడ్రంగి మనసులో ఏముందో చెప్పే రాత ఒక్కటీ దొరకలేదు.

ఇది చిన్న విషయం కాదమ్మా. అందంగా అల్లిన కథ పదిమంది నోళ్ళలో పడితే చరిత్ర అయి కూర్చుంటుంది. ఇంట్లో పిల్లల ప్రశ్నలకు ముందుగా జవాబు చెప్పేది సాధారణంగా మనమే కదా! ఏ పాత శిల్పాన్నో చూపి "ఇదేమిటమ్మా?" అంటే, తెలిసింది చెబుదాం. ఊహను ఊహ అనే చెబుదాం. అర్థం తెలియనంత మాత్రాన ఆ కుందేళ్ళ అందం తగ్గలేదు. వాటి పరుగూ ఆగలేదు.