తూకం సరే, లిథియం ఏదీ?



మనందరి ఇళ్ళలోనూ పాత సెల్‌ఫోన్, లాప్‌టాప్ బ్యాటరీలు ఏదో సొరుగులో మూలుగుతుంటాయి. వాటిలో కోబాల్ట్, నికెల్, లిథియం, రాగి ఉన్నాయి. ఛార్జి పూర్తిగా దించేసి, ముక్కలు చేసి జల్లిస్తే నల్లటి పొడి వస్తుంది. దాన్ని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి లోహాలను వేరుచేస్తారు. కోబాల్ట్, నికెల్ ధర పలుకుతాయి కనుక ఎవరైనా తీస్తారు. ఇబ్బందల్లా లిథియంతోనే. కొలిమి పద్ధతిలోనైతే అది చిట్టెంలో కలిసిపోతుంది.

భారత ప్రభుత్వం 2022లో తెచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు రికవరీ శాతాన్ని బ్యాటరీ మొత్తం బరువు మీద లెక్కగట్టాయి. సెల్‌ఫోన్ తరహా వాటికి 2024-25లో 70, 2026-27 నుంచి 90. బ్యాటరీలో లిథియం బరువు కొద్ది శాతమే. అదంతా పోయినా ఆ లెక్కకు తగిలే దెబ్బ స్వల్పం. (టెస్టులన్నీ పాసై ప్రోగ్రాం పనిచేయకపోవడం మనకు కొత్తా?) యూరోపియన్ యూనియన్ 2023 చట్టం మాత్రం లిథియానికి విడిగా లక్ష్యం పెట్టింది: 2027 చివరికి 50 శాతం, 2031 చివరికి 80.

మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023లో అమరరాజా బ్యాటరీ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. అలాంటివాటికి లిథియం ఎక్కణ్ణుంచి తెస్తాం? లోహాలవారీగా రికవరీ లక్ష్యాలు పెట్టమని కేంద్ర పర్యావరణ శాఖకు వినతిపత్రం రాశాను. వెళ్ళేముందు చదివి, నచ్చితే సంతకం పెట్టండి.