చేతులు మారినా నిలిచిన ఇల్లు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేనిప్పుడు నానక్‌రామ్‌గూడలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. అమెరికన్ కాన్సులేట్ 2023 మార్చిలో మా వైపు కొత్త భవనంలోకి వచ్చింది. ఆ దారిన వెళ్ళినప్పుడల్లా అది ఖాళీ చేసి వచ్చిన బేగంపేట పైగా ప్యాలెస్ గుర్తుకొస్తుంది.

దాన్ని కట్టించినవారు పైగా వంశీకుడైన సర్ వికారుల్ ఉమ్రా. 1893 నుంచి 1901 వరకు నిజాం ప్రధానమంత్రి. తాను కట్టుకున్న ఫలక్‌నుమా 1897 ప్రాంతంలో ఆరవ నిజాం పరమయ్యాక, ఊరి వెలుపల బేగంపేటలో ఈ మహలు కట్టించారు. పాశ్చాత్య పద్ధతి స్తంభాలు, ఎత్తైన గదులు, మందమైన గోడలు. తర్వాత అది ప్రభుత్వపరమై, 'హుడా' ఆఫీసయింది. నవాబుగారి ఇంట్లో మన బీరువాలు, టైపు మిషన్లు చేరాయి! ఫైళ్ళు పట్టుకుని నేనూ ఎన్నోసార్లు ఆ మెట్లెక్కాను. మండు వేసవిలోనూ లోపల చల్లగా ఉండేది. 2008లో కాన్సులేట్ వచ్చింది.

నాకు అర్థమైనదేమిటంటే, ఆ ఇంటిని కాపాడింది ఒక్క యజమాని కాదు. ఎవరో ఒకరు అందులో మసలుతూ ఉండడం. తాళం పడిన ఇంట్లో కారిన చుక్కను చూసేవారుండరు. సున్నపు గోడకు సిమెంటు పూస్తే తేమ లోపలే చిక్కుకుంటుంది. నిర్లక్ష్యం, తెలియని మరమ్మతు, ఈ రెండే పాత ఇంటికి శత్రువులు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మల్కాజిగిరిలో నాకూ ఒక ఇల్లుంది. లోను తీసుకుని కట్టుకున్నది. మా ఆవిడ పోయాక తాళం వేశాం. బిల్డరుకిద్దామని పిల్లలంటున్నారు. వారి మాటలో తప్పులేదు. కానీ సంతకం పెట్టడానికి ఉగాది వరకు గడువడిగాను. ఈలోగా గదుల కొలతలు, ఫోటోలు, లింకు డాక్యుమెంట్లు, ఎవరి దగ్గర కొన్నామో, ఏ గది ఎప్పుడు వేశామో, అన్నీ ఒక నోటుపుస్తకంలో రాస్తున్నాను. రాస్తుంటే ఆ ఇంట్లో ఒక కుటుంబాన్ని అద్దెకుంచితే బాగుండుననిపిస్తోంది. పిల్లలతో అదే మాట్లాడతాను.

మీరూ మీ ఇంటి కథ రాసిపెట్టండి. ఇల్లు నిలిచినా నిలవకపోయినా, మనవలకు అదొక ఆస్తి.