కెర్నల్ పడిపోయినప్పుడు ఆ అంకెకి పేరు చెప్పేదెవరు?

పోయిన ఎపిసోడ్‌లో స్టాక్ ట్రేస్ చూపించాక చాలామంది అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, స్క్రీన్ మీద ఫంక్షన్ల పేర్లు పడుతున్నాయి కదా, ప్రాసెసర్‌కి ఆ పేర్లు ఎట్లా తెలుసు?" తెలియదు. దానికి తెలిసింది అడ్రస్ ఒక్కటే. మీ ఆండ్రాయిడ్ ఫోన్ అడుగున ఉన్నది కూడా లినక్స్ కెర్నలే, కాబట్టి ఇదంతా మీ జేబులో కూడా జరుగుతున్న సంగతే.

మా ఏరియా ఉదాహరణే చెప్తా. ఔటర్ రింగ్ రోడ్డు మీద కారు ఆగిపోయింది అనుకోండి. మెకానిక్ ఫోన్‌లో "ఎక్కడున్నరు అన్నా?" అంటాడు. మీరు జీపీఎస్ అంకెలు చదవరు కదా. "ఆరో నంబర్, మేడ్చల్ ఎగ్జిట్ దాటి మూడు కిలోమీటర్లు వచ్చినం, ఏడో నంబర్ శామీర్‌పేట ఇంకా రాలే" అంటారు. వెనక దాటి వచ్చిన గుర్తు, దాని నుంచి దూరం. కెర్నల్ కూడా అచ్చం ఇట్లాగే చెప్తుంది: ఫలానా ఫంక్షన్ ప్లస్ 0ఎక్స్45 స్లాష్ 0ఎక్స్90. అంటే ఆ ఫంక్షన్ మొదలైన చోటు నుంచి 69 బైట్లు లోపలికి వచ్చాం, ఫంక్షన్ మొత్తం 144 బైట్లు.

లినక్స్‌లో ఈ పట్టిక పేరు కాల్‌సిమ్స్. అడ్రస్‌లు చిన్నదాని నుంచి పెద్దదానికి వరసగా ఉంటాయి. కాబట్టి బైనరీ సెర్చ్: మధ్యలో చూడు, సగం వదిలెయ్. సుమారు లక్షా ముప్పై వేల సింబల్స్ ఉన్నా 17 పోలికల్లో పని అయిపోతుంది. అడ్రస్ నుంచి పేరుకి వెళ్లడం అంత తేలిక.

పేరు నుంచి అడ్రస్‌కి రావడమే చాలాకాలం కష్టంగా ఉండేది. జాగా కలిసిరావాలని పేర్లను నొక్కి దాచారు. ఎక్కువగా కనబడే అక్షరాల ముక్కలకు 256 గుర్తుల పట్టిక ఉంటుంది, ఒక్కో ముక్క బదులు ఒక్క బైట్. పేర్లు ఉన్నది అడ్రస్ వరసలో, అకారాది క్రమంలో కాదు. దాంతో డీబగ్గర్‌లో ఒక ఫంక్షన్ పేరు కొట్టి బ్రేక్‌పాయింట్ పెట్టమంటే, మొదటి నుంచి ఒక్కో పేరూ విప్పుకుంటూ పోల్చుకుంటూ పోవాల్సిందే. 6.2 వెర్షన్‌లో పేర్ల క్రమంలో ఇంకో సూచిక కలిపారు, అప్పుడు ఇటువైపు కూడా బైనరీ సెర్చ్ వచ్చింది. 6.2 వచ్చింది 2023లో! అంతకాలం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదంటే నాకైతే ఆశ్చర్యమే.

ఇంత కష్టపడి పట్టికను మెమరీలో ఎందుకు మోయాలి, ఫైల్‌లో పెట్టుకోవచ్చు కదా అంటారేమో. కేడీబీ గుర్తుందా? కెర్నల్ లోపలే ఉండే డీబగ్గర్, 2010లో 2.6.35తో మెయిన్ కెర్నల్‌లోకి వచ్చింది. అది లేచేసరికి మిగతా సీపీయూలన్నీ ఆగిపోయి ఉంటాయి. డిస్క్ నుంచి ఫైల్ చదివే దారి లేదు. ఏదైనా లాక్ కోసం ఎదురుచూద్దామంటే, ఆ లాక్ పట్టుకున్నవాడే ఆగిపోయి ఉండొచ్చు. ఇక ఎప్పటికీ ఎదురుచూపే. అందుకే పట్టిక పక్కనే, ర్యామ్‌లో సిద్ధంగా ఉండాలి.

ఇప్పుడు నేను దెబ్బతిన్న సంగతి. పాత ఉద్యోగంలో ఒక చిన్న బోర్డు. మెమరీ తక్కువని కాల్‌సిమ్స్ ఆపేశాం. క్రాష్ అయితే ఉత్త అంకెలే వస్తాయి. కెర్నల్ అడ్రస్‌లను బూట్‌కొకసారి జరిపే కేఏఎస్ఎల్ఆర్ కూడా అందులో లేదు, కాబట్టి సిస్టమ్ డాట్ మ్యాప్ ఫైల్ తెరిచి చేత్తో వెతకొచ్చు. వెతికాను. మా జూనియర్ తమ్ముడు రాసిన ఫంక్షన్ తేలింది. అందరికీ కాపీ పెట్టి మెయిల్ కొట్టాను, తప్పు ఇతని కోడ్‌లో ఉందని. పాపం రెండు రాత్రులు కూర్చుని ప్రతి లైనూ తిరగేశాడు. ఏమీ దొరకలేదు.

దొరకదు కూడా. నేను తెరిచిన మ్యాప్ ముందు బిల్డ్‌ది. ఆ తర్వాత మధ్యలో ఒక డ్రైవర్ చేరింది, దాని వెనకున్న ఫంక్షన్లన్నీ ముందుకు జరిగాయి. సెర్చ్ అబద్ధం చెప్పలేదు, ఆ పాత పట్టికలో ఆ అంకెకు ముందున్న పేరే ఇచ్చింది. ఈ లుకప్‌లో నాకు భయం వేసేది ఇదే: "దొరకలేదు" అనడం దానికి దాదాపు తెలియదు, వెనక ఎవరుంటే వాళ్ల పేరు పెట్టేస్తుంది. ఇందాకటి 0ఎక్స్90 కూడా, తర్వాతి సింబల్ ఎక్కడ మొదలైందో చూసి తీసిన లెక్కే.

కాబట్టి ముందు బిల్డ్ ఐడీ చూడండి. నడుస్తున్న కెర్నల్‌ది సిస్ ఫోల్డర్‌లో కెర్నల్ కింద నోట్స్ అనే ఫైల్‌లో ఉంటుంది. మీ దగ్గరున్న వీఎంలినక్స్‌ని రీడ్‌ఎల్ఫ్‌తో, హైఫన్ ఎన్ పెట్టి చూస్తే దాని ఐడీ వస్తుంది. రెండూ ఒకటైతేనే పేర్లు నమ్మండి. ఫోన్‌లో టెర్మక్స్ తెరిచి కాల్‌సిమ్స్ చూద్దామనుకునేవాళ్లకి, అనుమతి లేదని రావచ్చు, లేదా అడ్రస్‌లన్నీ సున్నాలే కనబడొచ్చు. ఫోన్ పాడవలేదు, కావాలనే దాచారు. ఒక్క అసలు అడ్రస్ బయటపడితే కేఏఎస్ఎల్ఆర్ ఎంత జరిపిందో లెక్క కట్టేయొచ్చు.

ఆ తమ్ముడికి సారీ మెయిల్ కూడా అందరికీ కాపీ పెట్టే పంపాను. "పర్లేదన్నా" అన్నాడు. కానీ అప్పటి నుంచి నేనేదైనా క్రాష్ పంపితే, మొదట అడిగేది బిల్డ్ ఐడీయే.