బెర్లిన్ పానశాలలు - వీథి పోరాటములు
(ఉపన్యాస పాఠము)



పానశాల యనగానే తాగుడు, తాగుడు వెంట తగవు స్ఫురించుట సహజము. కాని రెండు ప్రపంచయుద్ధముల నడిమికాలమున బెర్లిన్ వీథులలో చిందిన రక్తమునంతయు మద్యమున కంటగట్టుట సరికాదు. ఒక్క గ్లాసు బీరుతో పూటంతయు గడపు నిరుద్యోగికి ఎంత మత్తెక్కును? దాని మూలము కొంత దుకాణదారుని చిట్టాపుస్తకములో గలదు.

అచటి కార్మికులు ఒకటి రెండు గదుల యిరుకుటిండ్లలో కాపురముండెడివారు. చలికాలమున వెచ్చగా కూర్చుండి నాలుగు మాటలాడుకొనుటకు వీథిమూలనున్న పానశాలయే వారికి చావడి. సంఘముల సమావేశములు, పొదుపు చీట్లు దాని వెనుకగదిలోనే జరిగెడివి. 1878 నుండి 1890 వరకు సోషలిస్టు సంఘములు నిషేధింపబడిన కాలమున నా గదులే వారికి ఆశ్రయము. అందుచే పానశాల ఎవరి వశమో, వీథి వారి వశము.

1930 జనవరిలో నాజీ దళనాయకుడు హార్స్ట్ వెస్సెల్‌కును, అతడున్న యింటి యజమానురాలికిని తగవు ముదిరెను. ఆమె సహాయమునకై పరుగెత్తినది పోలీసు ఠాణాకు గాదు. కమ్యూనిస్టులు చేరు పానశాలకు! అచటినుండి కదలిన మూక జనవరి 14న అతనిని కాల్చెను. ఫిబ్రవరి 23న అతడు మరణించెను. గోబెల్సు అతనిని అమరవీరునిగా జేసి యూరేగించెను.

ఇక వర్తకుని మాట. 1929 తరువాత మాంద్యము ముంచుకొని వచ్చెను. 1932 ఆరంభమున జర్మనీలో నిరుద్యోగులు సుమారు 60 లక్షలు. కూలి లేనివానికి బీరెక్కడిది? దుకాణదారు అప్పుల పాలగుచుండగా, నాజీల గోధుమవన్నె చొక్కాల దళమగు ఎస్.ఏ. వారు బేరము పెట్టిరి. నెలకింత బీరు తప్పక చెల్లునట్లు తాము చూతురు. దుకాణము తమ స్థావరము కావలెను. సిద్ధాంతముల మాట యటుండనిండు, అద్దె గడువు కన్నుల యెదుట నుండెను. లెక్కలెరిగినవారికి ఈ సంకటము విడమరచి చెప్పనక్కరలేదు.

ఇట్లు కార్మికుల పేటల నట్టనడుమ శత్రుస్థావరములు వెలసెను. నోయ్‌కోల్న్ పేటలో రిషార్డ్ వీథియందలి పానశాల అట్టిదే. పొరుగు కాపురస్థులు దానిని తొలగింప గోరి అద్దెలు చెల్లించుట మానిరి. 1931 అక్టోబరు 15న కమ్యూనిస్టులు దానిపై తుపాకులు కాల్చిరి. ఆ గుండ్లకు దుకాణదారుడు హైన్రిఖ్ బోవే బలియయ్యెను.

1933 జనవరి 30న హిట్లర్ ప్రధాని యయ్యెను. ఫిబ్రవరిలోనే ప్రష్యాలో ఎస్.ఏ. వారికి సహాయక పోలీసు అధికారము లభించెను. నిన్నటివరకు బీరు పోసిన గదులు కొన్ని చిత్రహింసల కొట్లయ్యెను. ఆ యేటి జూనులో కోపెనిక్ పేటయందు ప్రతిపక్షులను వందలకొలది పట్టి హింసించిన తావులలో డెముట్ అను పానశాల యొకటి. ఆ వారమున చంపబడిన సోషల్ డెమొక్రాట్ నాయకుడు, మాజీ రాష్ట్ర ప్రధాని యోహానెస్ స్టెల్లింగ్ శవము గోనెసంచిలో డామె నదియందు దొరకెను.