ఓటుకీ కుర్చీకీ మధ్య దూరం

(పిట్టలవానిపాలెంలో మహిళా కార్యకర్తల ఎదుట చేసిన ప్రసంగ పాఠం)



స్విట్జర్లాండ్, ఆస్ట్రియాల నడుమ లిక్టెన్‌స్టైన్ అనే బుల్లి దేశం ఉంది. జనాభా 40 వేలు. మన బాపట్ల నియోజకవర్గంలో ఓటర్లే అంతకు ఎన్నో రెట్లు! సంపన్న దేశం, చదువుకు కొదవ లేదు. అయినా శాసనసభ ఎన్నికల్లో అక్కడి స్త్రీలకు 1984 దాకా ఓటు లేదు.

1971లో, 1973లో ప్రజాభిప్రాయం సేకరించారు. "స్త్రీలకు ఓటు ఉండాలా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పింది మగవాళ్లు మాత్రమే. రెండుసార్లూ కాదన్నారు. స్త్రీలు సంఘం పెట్టుకున్నారు. కోర్టుకెక్కి ఓడారు. 1983లో స్ట్రాస్‌బర్గ్ వెళ్లి యూరప్ ప్రతినిధుల ముందు గోడు చెప్పుకున్నారు. 1984 జూలై 1న మూడోసారి ఓటింగ్ జరిగితే, ఔనన్నవారు 2,370 మంది, కాదన్నవారు 2,251 మంది. 119 ఓట్లతో గట్టెక్కారు! 1986 ఎన్నికల్లో 15 మంది సభ్యుల సభకు గెలిచిన స్త్రీ ఒక్కరే, ఎమ్మా ఐగెన్‌మన్. తొలి మహిళా ప్రధానిగా బ్రిగిట్టె హాస్ వచ్చింది 2025లో. ఓటుకీ ఆ కుర్చీకీ మధ్య 41 ఏళ్లు.

మన సంగతి చూద్దాం. ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నప్పుడు, 1921లోనే స్త్రీలకు ఓటిచ్చారు. కానీ ఆస్తి, పన్ను అర్హత ఉన్న కొద్దిమందికే. ఇచ్చిందీ మగవాళ్ల సభే. అందరికీ ఓటు వచ్చిన తొలి సార్వత్రిక ఎన్నికల్లో, "ఫలానావారి భార్య", "ఫలానావారి కూతురు" అని తప్ప సొంత పేరు చెప్పని సుమారు 28 లక్షల మంది స్త్రీలను జాబితాల నుంచి తొలగించారు. వాళ్లలో ఎక్కువమంది ఉత్తరాది వాళ్లు.

పంచాయతీల్లో 1993 నాటి 73వ సవరణతో మూడో వంతు, తర్వాత మన రాష్ట్రంలో సగం సీట్లు వచ్చాయి. అయినా సర్పంచి సంతకం ఆమెది, పెత్తనం భర్తది అయిన ఊళ్లు ఎన్ని లేవు? శాసనసభలో మూడో వంతు ఇస్తామని 2023లో 106వ సవరణ చేశారు. జనగణన, నియోజకవర్గాల పునర్విభజన అయ్యాకనే అమలని అందులోనే మెలిక పెట్టారు. మన 175 సీట్లలో మూడో వంతంటే 58 పైమాటే.

అందుకే ఊరికెళ్లగానే ఓటర్ల జాబితా తెప్పించండి. ప్రతి స్త్రీ పేరూ సరిగా ఉందో లేదో చూడండి. పంచాయతీ సమావేశంలో సర్పంచి కుర్చీలో సర్పంచే కూర్చోవాలని పట్టుబట్టండి. ఓటడగ వచ్చిన ప్రతి పార్టీనీ, "మీ జాబితాలో ఆడవాళ్లెందరు?" అని నిలదీయండి. చట్టం అమలయ్యేదాకా ఆగమని ఎవరన్నా అంటే, ఆడవాళ్లకు టిక్కెట్లివ్వడానికి ఏ చట్టం అడ్డొచ్చిందో చెప్పమనండి.