సారథ్యవిద్య – మన యువకులు

(హాలియాలో జరిగిన మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



ఈ సభలో మమ్ము ప్రసంగింపుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, సంస్కృతము చదివి యుపాధ్యాయత్వము చేసి విశ్రాంతి గొన్నవారము గనుక కులపురాణమును గూర్చియో, ధర్మశాస్త్రమును గూర్చియో చెప్పుదుమని వారు తలచియుందురు. మేము కోరిన విషయము లారీ తోలుట. వారు క్షణకాలము ఊరకుండి, పిమ్మట నవ్వి యంగీకరించిరి. ఈ భవనమునకు వెలుపల రోడ్డు ప్రక్కన నిలిచియున్న బండ్లను చూచినవా రెవ్వరును మా కోరికకు ఆశ్చర్యపడ నక్కఱలేదు.

హాలియా త్రోవల కూడలి. ఒక త్రోవ నల్లగొండనుండి వచ్చి సాగరు మీదుగా మాచర్లకు పోవును. మఱియొకటి జడ్చర్లనుండి కల్వకుర్తి మీదుగా వచ్చి, మిర్యాలగూడ, హుజూర్‌నగరములు దాటి, కోదాడలో హైదరాబాదు–విజయవాడ రహదారిని కలియును. ఈ త్రోవలమీద పోవు సరకు మన తాతల కాలమున లేదు. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీగారు కాలువలకు నీరు విడిచిరి. ఎడమకాలువ పాఱినంత మేర జొన్నయు, ఆముదమును పండిన చెలకలు వరిమళ్లయినవి. వడ్లను బియ్యము చేయుటకు మిర్యాలగూడలో మిల్లులు వరుసగా లేచినవి. బియ్యమును పరరాష్ట్రములకు చేర్చుటకు లారీలు వచ్చినవి. సున్నపురాయి యున్న వాడపల్లి, మఠంపల్లి, మేళ్లచెరువు ప్రాంతములలో సిమెంటు కర్మాగారములు వెలసినవి. నల్లగొండ బత్తాయి ఉత్తరదేశపు మార్కెట్లకు పోవుచున్నది. ఈ మూడు సరకులకును స్వభావములు వేఱు. బియ్యము తడియరాదు, సిమెంటు తడిసినచో రాయియగును, బత్తాయికి తడికంటె ఆలస్యము శత్రువు. టార్పాలిను కప్పి మోకులు బిగించుట రానివాడు స్టీరింగు పట్టినను డ్రైవరు కాడని మా యూరి పాత డ్రైవరొకడు చెప్పుచుండును. ఆ మాట మాకు సత్యముగనే తోచుచున్నది.

మన కులములో ఎన్ని కుటుంబములు ఈ లారీలమీద బ్రదుకుచున్నవో మీలో ప్రతివారును ఎఱుగుదురు. అయినను మన సభలలో ఈ వృత్తి ప్రసంగము ఎన్నడును రాదు. ఇంజనీరైన బాలునకు శాలువ కప్పుదుము, వైద్యవిద్యలో సీటు వచ్చిన బాలికకు బహుమానమిత్తుము, అది యుచితమే. లారీ తోలు బాలుని పేరు మాత్రము పెండ్లిమాటలలోనే వినబడును, అదియు సంబంధము తప్పిపోవుటకు కారణముగా. "చదువు రానివాడు, డ్రైవరాయెను" అని పెద్దలే యందురు. విన్న బాలుడు తానును అట్లే తలచును. తన పని యొక విద్య యని యెవ్వరును చెప్పనప్పుడు దానిని విద్యగా నేర్వవలెనని వానికేల తోచును?

మహాభారతమున శల్యుని కథ మీకు తెలియును. కర్ణునకు సారథ్యము చేయుమని దుర్యోధనుడు కోరగా, రాజునైన నేను సూతపుత్రుని రథము తోలుదునా యని శల్యుడు కోపించెను. చివరకు తన నోటికి వచ్చిన మాట లనుటకు స్వేచ్ఛ కోరి మఱియు నొప్పుకొనెను. ఆ పక్షమున శ్రీకృష్ణుడు తానై పగ్గములు పట్టెను. పనిని తక్కువగా చూచినవాడు రథమెక్కినచో యజమానున కెట్టి మేలు కలిగినదో కర్ణపర్వము చదివినవారెఱుగుదురు. మాకు ఇంతకంటె నుపయోగకరముగా తోచునది ఉత్తరుని కథ. ఉత్తరకుమార ప్రగల్భములని లోకము నవ్వును గాని, ఆ బాలుడు తరువాత చేసిన పనిని లోకము మఱచినది. కౌరవసేనను చూచి పాఱిపోవుచున్నవానిని బృహన్నల పట్టి తెచ్చి, ధైర్యము చెప్పి, పగ్గములు చేతికిచ్చెను. ఆ దినమున అర్జునుని రథమును కడదాక తోలినవాడు ఆ యుత్తరుడే. వాడు సారథ్యము ముందే నేర్చినవాడు. లోపించినది ప్రక్కన పెద్దవాడొక డుండుట మాత్రమే.

ఇక మన కాలపు శాస్త్రమునకు వత్తము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ననుసరించి, పదునెనిమిదేండ్లు నిండినవాడు కారువంటి తేలిక బండికి లైసెన్సు పొందవచ్చును. లారీకి ఇరువదియేండ్లు నిండవలెను. అంతకుముందు తేలిక బండి లైసెన్సు ఒక సంవత్సరమైనను చేత నుండవలెను. డ్రైవింగు స్కూలువారి శిక్షణపత్రమును, వైద్యుని పత్రమును తేవలెను. లర్నరు లైసెన్సు ఆరునెలలు చెల్లును. పెట్రోలు, గ్యాసు మోయు బండ్లకు వేఱు శిక్షణ కావలెను. 2024 నవంబరు 6వ తేదీన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము, బరువు 7,500 కిలోలకు లోబడిన సరకు బండిని తేలిక లైసెన్సు గలవాడును నడుపవచ్చునని తీర్పు చెప్పినది. పెద్ద బండి యెక్కుటకు ముందు చిన్న బండిమీద చేయి కుదుర్చుకొనుటకు ఈ తీర్పు తోడ్పడునని మా యభిప్రాయము.

పదునెనిమిదికిని ఇరువదికిని నడుమనున్న రెండేండ్లలోనే మన బాలురు చెడుచున్నారు. ఇంటర్మీడియెటు తప్పినవాడు బట్టలసంచితో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు ముందు నిలుచును, క్లీనరుగా చేరును. పగలు టైర్లు తట్టి చూచి, స్టెప్నీ మార్చి, అద్దములు తుడిచి, అన్నము వండి పెట్టును. రాత్రి రెండవ జాము దాటిన పిమ్మట, రోడ్డు ఖాళీగా నున్నదని డ్రైవరు వానికి స్టీరింగిచ్చి తాను నిద్రించును. లైసెన్సు లేదు, వయస్సు లేదు, ప్రక్కన మేలుకొని యున్న పెద్దవాడు లేడు. మన ప్రాంతమున సారథ్యవిద్య ఇట్లు సంక్రమించుచున్నది. క్లీనరుగా నుండుటను మేము నిందించుట లేదు, అది గురుకులవాసము వంటిదే. గురువు నిద్రపోవు గురుకుల మెక్కడను లేదు.

లైసెన్సునకు ఎనిమిదవ తరగతి చదువు కావలెనను నిబంధనను కేంద్రప్రభుత్వము 2019లో తొలగించినది. చదువులేని పేదలకు పని దొరకవలెనను తలంపు మంచిదే. కాని ఉపాధ్యాయులమై యొక మాట చెప్పక తప్పదు. నేడు లారీకి పత్రములే రెండవ ఇంజను. ఈ-వే బిల్లునకు 200 కిలోమీటర్లకొక దినము చొప్పున గడువుండును. గడువు దాటినచో బండి నిలిచిపోవును. బరువు పరిమితి దాటినచో 2019 సవరణ ప్రకారము ఇరువదివేల రూపాయల జరిమానా, పైని టన్నుకు రెండువేలు. కాటా చీటి చదివి, తన బండి యెంత మోయవచ్చునో లెక్క చూచుకొని, ఎక్కువ యెత్తినచో "దింపుడు" అని చెప్పగలవాడు కావలెను. చదువు రానివాడు డ్రైవరగుననుట ఎంత తప్పో దీనివలననే తెలియును.

యంత్రమును గూర్చియు నొక యుదాహరణము. ఘాటు దిగునప్పుడు డీజిలు మిగులునని బండిని న్యూటరులో వదలు నలవాటు కొందఱికి కలదు. లారీ బ్రేకులు గాలి యొత్తిడితో పనిచేయును. గేరులో నున్న ఇంజను తానే బండిని వెనుకకు పట్టి యుంచును; న్యూటరులో ఆ పట్టు పోవును, భారమంతయు బ్రేకులమీద పడును. మాటిమాటికి పెడలు నొక్కగా డ్రమ్ములు కాగి పట్టు సడలును. ఇంజనును ఆపివేసినచో కంప్రెసరును ఆగి, టాంకులోని గాలి తఱుగును. ఎక్కిన గేరులోనే దిగుమని పాత డ్రైవర్లు చెప్పుదురు. ఏల యని యడిగిన కొందఱు చెప్పలేరు. ఆ కారణమును చెప్పుటకే పాఠశాల కావలెను. సిరిసిల్ల సమీపమున మండేపల్లిలో 2021 జూలైలో డ్రైవింగు శిక్షణ సంస్థ ప్రారంభమైనది. మన బాలురను అచటికి పంపవచ్చునను తలంపు మనకేల రాలేదో మీరే యోచింపుడు.

తల్లిదండ్రులతో నొక కఠినమైన మాట. కొడుకునకు పని దొరకలేదని ఎకరము పొలము తాకట్టు పెట్టి, ఫైనాన్సులో క్రొత్త లారీ కొనియిచ్చుట మన యూళ్లలో ఆచారమైనది. మేము పాఠము చెప్పిన బాలు డొకనికి ఇరువదియొకటవ యేట తండ్రి ఇట్లే కొనియిచ్చెను. కోతల కాలమున బాడుగలు బాగుగనే వచ్చినవి. వానకాలపు పంట తఱలిన తరువాత యాసంగి వడ్లు వచ్చువఱకు మిల్లు ముందు బండ్లు వరుసలో నిలిచియుండును. నెల కిస్తీ మాత్రము నిలువదు. టైర్లు, డీజిలు, టోలు, ఇన్సూరెన్సు, ఫిట్‌నెసు. కిస్తీ తీర్చుటకై ఆ బాలుడు రెండు రాత్రులు నిద్రలేక తోలి, మూడవ రాత్రి డివైడరు నెక్కించెను. ప్రాణము దక్కినది. బండిని ఫైనాన్సువారు తీసికొనిపోయిరి. పొలము మరల రాలేదు. ఇప్పుడు వాడు పరుల బండిమీద జీతమునకున్నాడు, మంచి డ్రైవరని పేరు కూడ వచ్చినది. అయిదేండ్లు ముందు జీతమునకుండి తరువాత బండి కొనియుండినచో ఆ పొలము నిలిచియుండును. బాడుగ యే ఋతువున యెట్లుండునో, ఏ సరకునకు ఏ యూరిలో తిరుగు లోడు దొరకునో చేతనెఱిగిన పిమ్మట గాని యజమానత్వము పనికిరాదు.

ఈ సభలో మిల్లుల యజమానులును, లారీల యజమానులును ముందు వరుసలో కూర్చుండియున్నారు. వారి యుదారత వలననే ఈ పందిరి లేచినది, ఈ సంచిక అచ్చగుచున్నది. వారికి తెలియని మాట మేము చెప్పబోము. 2025 నవంబరు వఱకు అమలులో నుండిన 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు ఎనిమిది గంటలు, వారమునకు నలువదియెనిమిది గంటలు పనియనియు, అయిదు గంటలకు అరగంట విశ్రాంతియనియు నియమించినది. దూరపు బాడుగకు ఇద్దఱు డ్రైవర్లను పంపుచున్న యజమానులు మనలో ఎందఱు? లైసెన్సు లేనివాడు తోలగా ప్రమాదము జరిగినచో, ఇన్సూరెన్సువారు తాము చెల్లించిన సొమ్మును యజమాని వద్ద రాబట్టుకొనవచ్చును. పదునెనిమిదేండ్లు నిండని బాలుడైనచో 2019 సవరణ వలన యజమానికే మూడేండ్ల జైలు, ఇరువదియైదువేల జరిమానా. ధర్మము చెప్పవలసినచోట చట్టము చెప్పుటకు మాకు సంకోచముగనే యున్నది. కాని రెండింటి తీర్పును ఇచట నొకటే. 2025 అక్టోబరు 1 తరువాత తయారగు మధ్య, భారీ లారీల క్యాబినులలో ఎయిర్ కండిషను ఉండవలెనని కేంద్రము నియమము చేసినది. బండికి చల్లదనము వచ్చినది. తోలువానికి నిద్ర ఇంకను రాలేదు.

2024 జనవరి మొదటి దినములలో లారీలు నిలిచి, పెట్రోలు బంకులముందు జనులు బారులు తీరిన సంగతి మీకు జ్ఞాపకముండును. ప్రమాదముచేసి తెలుపక పాఱిపోయిన డ్రైవరునకు పదేండ్ల శిక్షయను క్రొత్త న్యాయసంహిత నిబంధనమే కారణము. ఆ సంవత్సరము జూలై 1న సంహిత యమలులోనికి వచ్చినను, ఆ యుపనిబంధనమును మాత్రము ఆపియుంచిరి. మన బాలుర నడిగినచో, "నిలిచినచో జనులు కొట్టి చంపుదురు" అందురు. ఆ భయము నిజమైనదే. దానిని చట్టమును గుర్తించినది. గాయపడినవానిని ఆసుపత్రికి చేర్చుట డ్రైవరు విధియని చెప్పుచునే, జనక్రోధము వలన సాధ్యము కానప్పుడు మినహాయించినది. పోలీసులకు ఇరువదినాలుగు గంటలలో తెలుపుట మాత్రము తప్పదు. అనగా ప్రాణభీతిచే దూరముగా పోయినవాడు సమీప పోలీసుస్టేషనునకు పోవలెను గాని సొంతయూరికి పోరాదు. ఈ నాలుగు మాటలు క్లీనరుగా చేరిన మొదటి దినముననే ప్రతి బాలునకు చెప్పవలెను. ఇంతవఱకు చెప్పినవారు లేరు.

కావున సభవారి యెదుట మా మనవి యిది. సంఘపు విద్యానిధి నుండి కళాశాల విద్యార్థుల కిచ్చు సాయమును, పదునెనిమిదేండ్లు నిండి ఈ వృత్తి కోరు బాలబాలికలకును ఇయ్యవలెను: తేలిక బండి లైసెన్సు మొదలు లారీ లైసెన్సు వఱకు పట్టు రెండేండ్లకును, డ్రైవింగు స్కూలు రుసుముతో సహా. ఆ రెండేండ్లలో సభ్యుల బండ్లమీద క్లీనరుగా నుండువానికి, లైసెన్సు రాకముందు స్టీరింగు ఇయ్యమని యజమాని వ్రాతమూలముగా సంఘమునకు మాట ఇయ్యవలెను. ఇరువదియేండ్లు పైబడి తోలి, కన్ను కాలు బాగుగ నున్న మన పాత డ్రైవర్లు నలుగురైదుగురు హాలియా, మిర్యాలగూడలలో నున్నారు. వారిని నెలకొక ఆదివారము పిలిచి బాలురకు పాఠము చెప్పింపవలెను. వారికి గౌరవవేతన మీయవలెను, శాలువతో సరిపెట్టరాదు.

తీర్మానపు చిత్తుప్రతిని కార్యదర్శిగారికి ఇచ్చియున్నాము. భోజనానంతరము చర్చకు వచ్చును. లారీలుగల సభ్యులు అంతవఱకు వెళ్లిపోక ఇచటనే యుండవలసినదిగా ప్రార్థించుచున్నాము.