ముక్తేశ్వరం నుంచి మామిడికుదురు దాకా



జయంతి రామయ్య పంతులుగారు 1860లో మన ముక్తేశ్వరంలో పుట్టారు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపించారు. పిఠాపురం మహారాజావారి ధనంతో వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు తొలి సంపుటం 1936లో వచ్చింది. వాడుకభాషను పంతులుగారు ఎదిరించడం నాకు రుచించదు. నిఘంటువు మాత్రం ఈనాటికీ తిరగేస్తాను.

ఆ 1911లోనే మామిడికుదురులో, పేద దళిత కుటుంబంలో, బోయి భీమన్నగారు పుట్టారు. ఆయన ‘పాలేరు’ నాటకంలో పాలేరు కుర్రవాడు చదువుకుని పైకొస్తాడు. చిన్నప్పుడు పెట్రోమాక్సు వెలుతురులో చూశాను. మా ఇంట్లోనూ నా యీడు పాలేరు ఉండేవాడు. ఆ రాత్రి గోనె పరుచుకుని నా వెనకే కూర్చున్నాడు. తెల్లారి నేను బడికి, వాడు పశువులతో చేలోకి. ‘వీణ్ణి కూడా పంపండి’ అని నాన్నగారిని అడగలేకపోయాను. 1975లో భీమన్నగారికి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందని పేపర్లో చదువుతుంటే వాడే గుర్తొచ్చాడు.